ఆర్డర్ మీద చేసే ‘లగ్జరీ’ పెట్ ఫర్నిచర్: అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హాల్లో సోఫాకీ, కర్టెన్లకీ మ్యాచ్ అయ్యేలా కుక్కకో పిల్లికో ఫర్నిచర్ చేయించుకోవాలని చూస్తున్నవాళ్ళ కోసం ఈ పోస్ట్. ఈమధ్య మేం అలాంటి సెట్ ఒకటి చేయించి గట్టిగా దెబ్బతిన్నాం. చేసినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. సరుకులో ఎక్కడెక్కడ చూడాలో తెలిస్తే ఎవరి దగ్గర కొన్నా మీకు పనికొస్తుంది.

మేం ఆర్డర్ ఇచ్చినవి రెండు. సోఫా పక్కన సైడ్ టేబుల్‌లా ఉంటూ, లోపల కుక్క పడుకునే పెట్టె ఒకటి. అదే వాల్‌నట్ రంగులో పిల్లి ఎక్కడానికి టవర్ ఒకటి. సాలిడ్ వుడ్, ఆర్థోపెడిక్ (కీళ్ళకి ఆసరా ఇచ్చే) ఫోమ్, ఉతుక్కునే కవర్, పెట్ సేఫ్ ఫినిష్ అని రాసి అమ్మారు. ఈ నాలుగింటిలో ఒక్క మాటా నిలబడలేదు. డిజైన్ మాట్లాడినంతసేపూ వాళ్ళు గోడ రంగు అడిగారు, సోఫా బట్ట ఫొటో అడిగారు, లైటింగ్ ఎలా ఉంటుందో అడిగారు. కుక్క బరువెంత, వయసెంత అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. మీతో మాట్లాడే డిజైనర్ కూడా ఇలాగే ఉంటే అక్కడే ఆగిపోండి.

చెక్క సంగతి ముందు చెప్తాను. వచ్చింది ఎండీఎఫ్ (కలప పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక) మీద అంటించిన వెనీర్, అంటే చెక్కని పల్చగా కోసిన పొర. ఎండీఎఫ్ వాడటమే తప్పని నేననను. అన్ని అంచులూ సరిగ్గా సీల్ చేస్తే అది చాలాకాలం ఉంటుంది. కానీ జంతువులున్న ఇంట్లో నీళ్ళ గిన్నె ఒలుకుతుంది, ముసలి కుక్క ఒక్కోసారి పడుకున్నచోటే మూత్రం పోసేస్తుంది. ఎండీఎఫ్ కోసిన అంచు నుంచి తేమ పీల్చేస్తుంది. పెట్టెని పక్కకి ఒరిగించి చూశాం. కంటికి కనిపించే అంచులన్నిటికీ శుభ్రంగా ఎడ్జ్ బ్యాండ్ (అంచుని మూసే పట్టీ) అంటించి, నేలకి ఆనే అంచుని మాత్రం పచ్చిగా వదిలేశారు. అక్కడ పలక ఉబ్బి వెనీర్ లేచిపోయింది. గోటితో నొక్కితే గోరు లోపలికి దిగుతోంది, గోధుమరంగు పొడి రాలుతోంది. పైనుంచి చూస్తే మాత్రం టేబుల్ ఇంకా కొత్తదే.

మూత్రం అలా పలకలోకి ఇంకిందంటే వాసన వదిలించడం చాలా కష్టం. మామూలు సబ్బు నీళ్ళకి అది సరిగ్గా పోదు, తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ లేస్తుంది. ఎంజైమ్ క్లీనర్ గుడ్డ మీద బాగా పనిచేస్తుంది కానీ ఉబ్బిన పలక లోపలిదాకా చేరదు. ఆ వాసన పట్టుకుని కుక్క మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఇంకో వాసన మొదటిరోజు నుంచే ఉంది. కళ్ళు మండేంత ఘాటు. ‘కొత్తది కదా, రెండు రోజుల్లో పోతుంది’ అన్నారు. ఎండీఎఫ్‌లో ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ గాల్లోకి వస్తూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషులకి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. అందుకే ఇలాంటి పలకల నుంచి ఫార్మాల్డిహైడ్ ఎంతవరకు రావచ్చన్న దానికి యూరప్‌లో ఇ1, అమెరికాలో కార్బ్ ఫేజ్ 2, టీఎస్‌సీఏ టైటిల్ 6 లాంటి పరిమితులున్నాయి. వాటిలో ఏది పాటించారో చెప్పమంటే మాకు జవాబు రాలేదు. మనం ఆ టేబుల్ మీద కాఫీ కప్పు పెట్టి లేచిపోతాం. కుక్క మాత్రం మూడు వైపులా మూసిన పెట్టెలో పలకకి ముక్కు ఆనించి గంటల తరబడి పడుకుంటుంది. వెనక గాలి ఆడటానికి ఒక్క కన్నం కూడా పెట్టలేదు.

ఫోమ్ విషయంలో నాకు కోపం కన్నా బాధ ఎక్కువ. మావాడికి, అంటే మా కుక్కకి, తుంటి కీళ్ళు అరిగాయి, లేవడమే కష్టం. వాడి కోసమే ఆర్థోపెడిక్ అన్నది ఎంచుకున్నాం. విప్పి చూస్తే పైన పల్చటి మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి ఒదిగే ఫోమ్) పొర, కింద రంగురంగుల ఫోమ్ ముక్కలు. కుక్క పడుకునేచోట కొద్దిరోజులకే గుంట పడి మోచేతులు చెక్కకి తగులుతున్నాయి. ఆర్థోపెడిక్ అన్న మాట పెట్ బెడ్ మీద ఎవరైనా రాసుకోవచ్చు. మీరు అడగాల్సింది డెన్సిటీ: మెమరీ ఫోమ్ అయితే ఘనపు మీటరుకి 50 కిలోలు, ఆపైన ఉండాలి. చేతికొచ్చాక పిడికిలితో గట్టిగా నొక్కండి, అడుగు తగిలితే అది పెద్ద కుక్కకి పనికిరాదు.

కవర్‌కి వాడిన బట్ట బూక్లే. ఇప్పుడు ఇంటీరియర్ ఫొటోల్లో ఎక్కడ చూసినా అదే, ఉంగరాల్లాంటి దారాలతో ఉబ్బెత్తుగా ఉంటుంది. గోళ్ళున్న జంతువుకి అంతకన్నా చెడ్డ బట్ట ఉండదని నా అభిప్రాయం. టవర్ పై అరలోంచి మా పిల్లి దూకబోతే ముందు కాలి గోరు ఆ దారంలో ఇరుక్కుంది. ఒక కాలి మీద వేలాడుతూ గింజుకుంటోంది. నేను పరుగెత్తుకెళ్ళి ఎత్తి పట్టుకునేలోపే గోరు మొదట్లో చీలి రక్తం వచ్చింది. బిగువుగా నేసిన వెల్వెట్టో, మైక్రోఫైబరో అయితే గోరు పట్టదు, చూడటానికీ బాగానే ఉంటుంది. ఇక ఉతుక్కునే కవర్ అన్నారు కదా, అసలు జిప్పే లేదు. బట్టని పిన్నులు కొట్టి పలకకి బిగించేశారు.

అదే టవర్‌కి అందం కోసం కుచ్చులు వేలాడదీశారు. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలివైపు తిరిగి ఉంటాయి, దారం ఒకసారి పట్టిందంటే ఉమ్మలేక మింగేస్తుంది. అది పేగులో చిక్కుకుంటే పేగు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది. టవర్ వచ్చిన రోజే మేం ఆ కుచ్చులు కత్తిరించేశాం, మీరూ అదే చేయండి.

టవర్ అడుగు పలక చిన్నది, బరువంతా పైన. గోడకి బిగించే క్లాంపు ఇవ్వలేదు. గీరుకునే స్తంభం మరీ పొట్టిది. పిల్లి ఒళ్ళు పూర్తిగా చాచి గీరాలంటే 80, 90 సెంటీమీటర్లయినా ఉండాలి, లేకపోతే సోఫా దగ్గరికే పోతుంది. మాది అలాగే పోయింది.

ఫిర్యాదు చేస్తే కస్టమ్ ఆర్డర్ వాపసు తీసుకోం అన్నారు. సాలిడ్ వుడ్ సంగతి ఎత్తితే ‘వెనీర్ కూడా అసలు చెక్కే కదా మేడమ్’ అని జవాబు. ఇన్‌వాయిస్‌లో మాత్రం ‘వుడెన్ పెట్ యూనిట్’ అని ఒక్క ముక్క ఉంది. చివరికి తర్వాతి ఆర్డర్ మీద డిస్కౌంట్ ఇస్తామన్నారు.

కాబట్టి పలక రకం, దాని ఉద్గార ప్రమాణం (పైన చెప్పిన ఇ1 లాంటిది), ఫోమ్ డెన్సిటీ, బట్ట పేరు, కవర్ విప్పే పద్ధతి ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించుకోండి. పెట్ సేఫ్ అంటే ఆధారం చూపించమనండి: పిల్లల బొమ్మల రంగులకి ఈఎన్ 71-3, బట్టకి ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 లాంటివి. వాళ్ళు చూపించే ఫొటోలు చాలాసార్లు కంప్యూటర్‌లో గీసిన రెండర్లు, అందుకే ఎవరింట్లోనైనా కొన్ని నెలలు వాడిన పీస్ ఫొటో అడగండి, అడుగు భాగం కూడా కనపడాలి. కొలతలు మీరే తీసుకోండి: కుక్క పూర్తిగా చాచుకుని పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలుదాకా, దానికి 15 నుంచి 20 సెంటీమీటర్లు కలపండి. మొత్తం డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోవద్దు, సరుకు చూసుకున్నాక ఇచ్చేలా కొంత ఆపండి.

ఇప్పటికే ఇలాంటిది ఇంట్లో ఉంటే ఈరోజే ఒకసారి తిరగేసి అడుగు అంచులు చూడండి. పచ్చిగా ఉంటే, ఉబ్బకముందే వడ్రంగిని పిలిచి సీలర్ కొట్టించండి, అది పూర్తిగా ఆరి వాసన పోయేదాకా కుక్కని వేరేచోట పడుకోబెట్టండి.