ఫిన్లాండ్ ‘లేక్‌సైడ్ క్యాంపింగ్’ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఎవరైనా వచ్చే వేసవికి ఫిన్లాండ్ ప్యాకేజీ మాట్లాడుకుంటుంటే దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగండి. బందరు రోడ్డులోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో మేము కొన్న ప్యాకేజీ సంగతి ఇది. వినియోగదారుల కమిషన్‌లో మా ఫిర్యాదు ఉంది కాబట్టి ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు.

మావారు మార్చిలో రిటైరయ్యారు. ఉత్తర ధ్రువం వైపు అడవులు చూడాలని ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మరిది, తోడికోడలు కూడా వస్తామన్నారు. బ్రోచర్‌లో ఏం రాశారంటే, ఇనారి సరస్సు ఒడ్డున చెక్క క్యాబిన్‌లో మూడు రాత్రులు, ‘రస్టిక్ లేక్‌సైడ్ క్యాంపింగ్’ (సరస్సు ఒడ్డున మోటు తరహా బస), రోజూ క్యాంప్ ఫైర్, వెంట గైడ్. నేను కౌంటర్ దగ్గర కూర్చుని మూడే అడిగాను. కరెంటు ఉంటుందా? పక్కలు, దుప్పట్లు ఇస్తారా? దోమలుంటాయా? ఉంటుందన్నారు, ఇస్తారన్నారు, చలిదేశంలో దోమలేంటమ్మా అన్నారు. అన్నీ నోటిమాటలే. అవి కాగితం మీద రాయించుకోకపోవడం మా పొరపాటు. ఆ మూడు రాత్రుల బసకే నలుగురికీ కలిపి 1,08,000 రూపాయలు తీసుకున్నారు. విమానాలు, వీసాల ఖర్చు వేరే.

జూలై మొదటివారంలో వెళ్లాం. హెల్సింకి నుంచి ఇవాలోకి విమానం, అక్కణ్ణుంచి ఇనారి ఊరికి బస్సు. అంతవరకూ ఏ లోటూ లేదు. ఇనారిలో పడవాయన మమ్మల్ని ఎక్కించుకుని గంటసేపు తీసుకెళ్లి ఒక ఒడ్డున దింపాడు. మూడు రోజుల తర్వాత వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. గైడ్ ఏడని అడిగితే అతనికి ఏమీ తెలియదు. పడవ వరకే అతనికి డబ్బిచ్చారట.

అక్కడున్నది ఒకే ఒక్క చెక్క గది. లోపల గోడవారగా పడుకోవడానికి బల్లలు, ఒక ఇనప పొయ్యి, ఒక మేజా. పరుపు లేదు, దుప్పటి లేదు, కరెంటు లేదు. కరెంటుందన్న మాట నమ్మి రైస్ కుక్కర్ మోసుకెళ్లాను. బయట కట్టెల షెడ్డు, ఇంకాస్త దూరంలో గుంట మరుగుదొడ్డి. నీళ్లు సరస్సులోంచి తెచ్చుకుని కాచుకోవాలి. మొదటి రాత్రి చలికి నాలుగు శాలువాలు పంచుకుని కూర్చున్నాం. రాత్రంటే చీకటి కాదు. ఇనారి దాదాపు 69 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, జూలై మొదట్లో అక్కడ సూర్యుడు అస్తమించడు. కిటికీకి తెర లేదు. కళ్లకు గుడ్డ కట్టుకుంటే తప్ప కునుకు పట్టదని మాకెవరూ చెప్పలేదు.

దోమల గురించి ఒక మాట. నేను ఏలూరు కాలవ పక్కన పుట్టి పెరిగినదాన్ని, దోమలు నాకు కొత్త కాదు. అక్కడివి వేరు. జూన్ చివర మొదలై జూలై అంతా అక్కడ దోమల కాలం. బురద నేలలు, నిలవ నీళ్లు ఎక్కువ కావడంతో పట్టపగలు కూడా గుంపులు గుంపులుగా మీద పడతాయి. తలమీంచి వేసుకునే వల, పొడుగు చేతుల బట్టలు, ఒంటికి రాసుకునే మందు లేకుండా మరుగుదొడ్డి దాకా కూడా వెళ్లలేం. మా తోడికోడలు ముఖం వాచిపోయి రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మనకి లాగే అక్కడా అత్యవసర నంబరు 112. సిగ్నల్ దొరికే చోటు కోసం మా మరిది ఒడ్డు వెంబడి నలభై నిమిషాలు నడిచాడు. దేవుడి దయవల్ల ఆ నంబరుతో పని పడలేదు.

అసలు విషయం రెండో రోజు సాయంత్రం తెలిసింది. వీపున బరువైన సంచులతో ఇద్దరు ఫిన్లాండ్ అమ్మాయిలు నడుచుకుంటూ వచ్చి నవ్వుతూ లోపలికొచ్చారు. ఇది మేము డబ్బిచ్చి తీసుకున్న గది అని నేనే చెప్పాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గోడమీది నోటీసు చూపించారు. అందులో ఇంగ్లీషులో కూడా ఉంది. ఆ గదిని అక్కడ ‘ఔతియోతుపా’ అంటారు. మెత్సాహల్లితుస్ అనే ప్రభుత్వ అటవీ సంస్థ చూసుకునే ఉచిత గది అది. అడవిలో నడిచేవాళ్లెవరైనా తాళం లేని ఆ తలుపు తీసుకుని ఒకటి రెండు రాత్రులు ఉండొచ్చు. అద్దె లేదు, బుకింగ్ లేదు. వ్యాపారానికి వాడకూడదు. పైగా అక్కడొక పాత మర్యాద ఉంది. అందరికన్నా చివర, అలిసిపోయి వచ్చినవాళ్లకే ఆ గదిమీద మొదటి హక్కు. ముందొచ్చినవాళ్లు సర్దుకుని చోటివ్వాలి, చోటు చాలకపోతే బయట టెంట్ వేసుకోవాలి.

అది చదువుతుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. డబ్బు పోయినందుకు కాదు. దారిన పోయేవాళ్ల కోసం ఆ దేశం తెరిచి ఉంచిన గదిని మాకు అమ్మేశారు. ఏ పాపం తెలియని మేము అక్కడ మూడో రాత్రి కూడా, ఉండకూడని రాత్రి, ఉండాల్సొచ్చింది. పడవ రాదు మరి. ఆ పిల్లలు మాత్రం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వాళ్లే కట్టెలు చీల్చి పొయ్యి వెలిగించారు, తోడికోడలికి మందు పూశారు. అడవి మంటల హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆరుబయట మంట వేయడం నిషేధమని, పొగగొట్టం ఉన్న పొయ్యి అయితే ఫరవాలేదని వాళ్లే చెప్పారు. ఆ వారం హెచ్చరిక ఉంది. బ్రోచర్‌ని నమ్మి ఒడ్డున మంట వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

ఆ చోటులో తప్పేమీ లేదు. పైన్, బిర్చ్ చెట్లు నీళ్లదాకా దిగొచ్చి నిలబడ్డాయి. మూడువేలకు పైగా దీవులున్న సరస్సు అది. అర్ధరాత్రి ఎండలో ఆ నీళ్లు చూసి మావారు చాలాసేపు మాట్లాడలేదు. సరైన సామానుతో, తెలిసి వెళ్లేవాళ్లకి అదొక వరం.

తిరిగొచ్చాక ఆఫీసుకి వెళ్తే “రస్టిక్ అంటే అంతే మేడమ్” అన్నారు. నోటీసు ఫొటో చూపించాక సగం డబ్బు ఇస్తామన్నారు. ఎక్కడా రాయకూడదని సంతకం అడిగారు, పెట్టలేదు. ఇంకోటి కూడా బయటపడింది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్లు టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేసి మన పాన్ మీద జమ చేయాలి, అది 26ఏఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర మన పేరున ఉండే పన్ను జమల పట్టికలో, కనబడాలి. మా రసీదులో టీసీఎస్ కోత ఉంది, 26ఏఎస్‌లో రూపాయి కూడా లేదు. ఇప్పటికే కట్టినవాళ్లు ముందు అది చూసుకోండి.

కట్టబోయేవాళ్లు ఆ గది అసలు పేరు అడగండి. ఆ పేరు మీరే వెతికి చూడండి. ఆ అటవీ సంస్థకే డబ్బు కట్టి, ముందుగా బుక్ చేసుకుని, తాళం తీసుకుని ఉండే గదులూ ఉన్నాయి. అలాంటిదైతే మీ పేరుమీద బుకింగ్ నంబరు చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. కరెంటు, పక్కలు, నీళ్లు, గైడ్, ఏది ఉంటుందన్నా కాగితం మీద రాయించుకోండి.

మోసపోయినవాళ్లు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మేము అలాగే చేశాం. బ్రోచర్, రసీదు, నోటీసు ఫొటో జత చేశాం. అదే బ్రోచర్ ఈ నెల మళ్లీ పంచుతున్నారు, అదే గది ఫొటోతో. మీ చేతికొస్తే ఫొటోలో తలుపు పక్కన చూడండి, ఆ నోటీసు అంచు కనిపిస్తుంది.