జాగ్రత్త: డ్రయర్ గదికి లైనక్స్ పెట్టె కొనేముందు దాని రూట్ పాస్‌వర్డ్ సంగతి తేల్చుకోండి

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి యూనిట్లు నడుపుతున్నవాళ్ళు, అందులోనూ డ్రయర్ గదికి వేడి చూపించే పెట్టె కొందామనుకుంటున్నవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. నేను నాలుగు కొని ఇరుక్కున్నాను.

పెట్టె అరచేతికంటే కొంచెం పెద్దది. లోపల చిన్న కంప్యూటర్ బోర్డు, దానిమీద లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. గదిలోని సెన్సర్ల నుంచి వేడి, తేమ లెక్కలు తీసుకుని ఫోన్లో చూపిస్తుంది, వేడి హద్దు దాటితే మెసేజ్ పంపుతుంది. ఒక్కొక్కటి 18,500 రూపాయలు. అమ్మినవాళ్ళ పేరు రాయను. బాకీ లెక్క ఇంకా తేలలేదు, పైగా ఇలాంటి పని చేసేది వాళ్ళొక్కరే కాదని తర్వాత తెలిసింది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు వైర్లన్నీ శుభ్రంగా లాగాడు, పనిలో వంక పెట్టడానికి లేదు. ఇంటి నుంచి కూడా చూసుకోవాలంటే స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకోమన్నాడు, తీసుకున్నాను. రౌటర్లో ఏవో సెట్టింగులు మార్చాడు. నాలుగు పెట్టెల్లో ఒకదాన్ని డీఎంజెడ్‌లో పెట్టాడని, అంటే ఇంటర్నెట్ నుంచి ఎవరు తలుపు తట్టినా నేరుగా ఆ పెట్టె దగ్గరికే వెళ్తారని నాకు అప్పుడు తెలీదు. వెళ్ళేముందు "సార్, పాస్‌వర్డ్ మార్చేసుకోండి" అన్నాడు. వెబ్ పేజీ తెరిచి పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, చుక్క అన్నీ కలిపి మార్చాను. ఇంక ఢోకా లేదనుకున్నాను.

డిసెంబరులో ఒక రాత్రి 70 డిగ్రీల దగ్గర ఆగాల్సిన గది దాటిపోయింది. మెసేజ్ రాలేదు. పొద్దున్న తలుపు తీసేసరికి ట్రేలలో పప్పు రంగు తిరిగిపోయింది. తెల్లపప్పు ధరకు అమ్మాల్సిన సరుకును ఏ ధరకు ఇచ్చానో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే "నెట్ ప్రాబ్లం అయ్యుంటుంది సార్" అన్నారు. నేనూ నెట్‌నే తిట్టుకున్నాను.

సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. రాజాంలో బీటెక్ చదువుతున్నాడు, ఖాళీగా కూర్చోలేని గుంటడు. లాప్‌టాప్ తగిలించి ఆ డీఎంజెడ్ పెట్టెకు ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే వేరే కంప్యూటర్ నుంచి లోపలికి లాగిన్ అయ్యే దారిలో, రూట్ పేరు కొట్టాడు. కొట్టి నావైపు తిరిగాడు. "ఏటి మావయ్యా ఇది, పాస్‌వర్డే అడగలేదు!"

నిజంగానే అడగలేదు. రూట్ అంటే ఆ పెట్టెకు యజమాని ఖాతా. ఏ ఫైలైనా మార్చొచ్చు, ఏ ప్రోగ్రామైనా ఆపొచ్చు. నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే, అర్థంలేని అక్షరాల పేరుతో ఒక ప్రోగ్రాం ప్రాసెసర్ మొత్తం తినేస్తోంది. ఇంటర్నెట్ నుంచి ఎవరో దూర్చిన దొంగ ప్రోగ్రాం. వేడి లెక్కలు చూసే ప్రోగ్రాంకు ఊపిరాడటం లేదు. మెసేజ్ రాకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను, ఆ రాత్రి లాగ్ మాత్రం మిగల్లేదు.

మనలాంటి వాళ్ళం పొరబడే చోటు ఇది. వెబ్ పేజీలో మార్చే పాస్‌వర్డ్ ఆ పేజీ వరకే. దాని కింద ఉన్న లైనక్స్‌కు వేరే ఖాతాలుంటాయి. వాటి పేర్లు ఈటీసీ ఫోల్డర్లో పాస్‌వడ్ అనే ఫైల్లో, వాటి పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ను తిరగేసి చదవలేని అక్షరాలుగా మార్చిన రూపాలు) పక్కనే షాడో అనే ఫైల్లో ఉంటాయి. షాడోలో ఒక్కో ఖాతాకు ఒక్కో లైను, లైనులో కోలన్‌లతో విడదీసిన గడులు. రెండో గడిలో హ్యాష్ ఉంటే పాస్‌వర్డ్ ఉన్నట్టు. నక్షత్రం గుర్తో (*) ఆశ్చర్యార్థకమో (!) ఉంటే పాస్‌వర్డ్‌తో ఎవరూ లోపలికి రాలేరు. ఏమీ లేకపోతే తలుపే లేనట్టు. నా నాలుగు పెట్టెల్లోనూ రూట్ లైనులో ఆ గడి ఖాళీ.

ఎందుకిలా అంటే, ఇలాంటి బోర్డులకు లైనక్స్‌ను యోక్టో, బిల్డ్‌రూట్ లాంటి పనిముట్లతో తయారుచేస్తారు. యోక్టోలో డీబగ్ ట్వీక్స్ అని ఒక సెట్టింగ్ ఉండేది. బల్లమీద బోర్డు పెట్టుకుని పనిచేసేటప్పుడు మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టే బాధ లేకుండా రూట్‌ను ఖాళీ పాస్‌వర్డ్‌తో రానిస్తుంది. నమూనా సెట్టింగుల ఫైల్లో ముందునుంచే ఆన్ చేసి ఉండేది, సరుకు బయటికి పంపేముందు తీసేయాలి. 2025లో వచ్చిన 5.2 వెర్షన్లో ఆ పేరే ఎత్తేసి, ఖాళీ పాస్‌వర్డ్‌ను రానివ్వడం, రూట్‌ను రానివ్వడం ఇలా దేనికది విడగొట్టారు. ఇప్పుడు ఎవరైనా ఖాళీ పాస్‌వర్డ్ పెట్టాలంటే ఆ మాటే రాసి పెట్టాలి. బిల్డ్‌రూట్ మెనూలోనూ రూట్ పాస్‌వర్డ్‌కు ఒక గడి ఉంటుంది, ఏమీ రాయకుండా వదిలేస్తే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రావచ్చు. నాకు అమ్మినవాళ్ళ పెట్టెలోకి వెళ్తే పలకరింపులో పోకీ అనే పేరు, 4.0 వెర్షన్ నంబరు కనబడ్డాయి, అంటే ఆ సెట్టింగ్ ఎత్తేయకముందుది. పోకీ యోక్టోవాళ్ళు మాదిరి కోసం ఇచ్చే లైనక్స్ కూర్పు (డిస్ట్రో). పేరు కూడా మార్చకుండా పెట్టెలో పోసి అమ్మారు.

సరే, దొరికింది కదా అని మావాడు నాలుగింటికీ పాస్‌వడ్ కమాండ్‌తో రూట్ పాస్‌వర్డ్ పెట్టాడు. పరీక్షించాం, అడిగింది. ఆ సాయంత్రం గంటసేపు కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ చూస్తే, మళ్ళీ ఖాళీ.

పెట్టెలో అసలు సిస్టం రీడ్ ఓన్లీ (చదవడమే, రాయడం కుదరదు), దానికి చేసే మార్పులన్నీ ర్యామ్‌లో వేసిన పైపొరలో పడుతున్నాయి. ఆపి వేస్తే ఆ పొర పోతుంది. నిజానికి రీడ్ ఓన్లీ పెట్టడం తప్పు కాదు. మన దగ్గర కరెంటుకు, తిత్లీ లాంటి తుఫాన్లకు మెమరీ పాడవకుండా ఉండాలంటే అదే మేలు. కానీ పాస్‌వర్డ్ లాంటివి చెరగకుండా నిలిచే డేటా భాగంలో పెట్టాలి, వాళ్ళు షాడో ఫైల్‌ను అక్కడ పెట్టలేదు. ఇందులో ఇంకో తమాషా ఉంది. మన పెట్టెల్లో దూరే ఇలాంటి ప్రోగ్రాంలు చాలావరకు ర్యామ్‌లోనే బతుకుతాయి. 2016లో ప్రపంచమంతా గోల చేసిన మిరాయ్ అలాంటిదే. కంపెనీలు అన్ని పెట్టెలకూ ఒకేలా పెట్టిన పేర్లు, పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా జాబితా రాసుకుని, కెమెరాల మీద, డీవీఆర్‌ల మీద, రౌటర్ల మీద వరసగా కొట్టి చూసేది. రీబూట్ చేస్తే పోయేది, పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపట్లో తిరిగొచ్చేది. అలాగే నా దగ్గర కరెంటు పోతే దొంగా పోతున్నాడు, నేను వేసిన తాళమూ పోతోంది. కరెంటు రాగానే ముందొచ్చేది దొంగే.

కంపెనీకి మళ్ళీ ఫోన్. ఈసారి ఇంజినీరే మాట్లాడాడు. "సార్, మీకు పొరపాటున డెవలప్‌మెంట్ ఇమేజ్ వెళ్ళిపోయింది" అన్నాడు. ఇమేజ్ అంటే పెట్టెలో పోసే సాఫ్ట్‌వేర్ మొత్తం, ఇది తయారీలో వాళ్ళు వాడుకునేది. నాలుగింటికీ పొరపాటేనా అంటే సమాధానం లేదు. వారంలో అప్‌డేట్ పంపారు. ఇప్పుడు రూట్‌కు పాస్‌వర్డ్ ఉంది, అదేమిటో నాకు చెప్పరట, సెక్యూరిటీ అట.

మావాడు ముందే జాగ్రత్తపడి, అప్‌డేట్ చేసేలోపు నాలుగు పెట్టెల్లోకీ పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రానిచ్చే తన ఎస్ఎస్‌హెచ్ తాళంచెవి పెట్టాడు, అది డేటా భాగంలో ఉండటంతో బతికింది. లోపలికి వెళ్ళి నాలుగు షాడో ఫైళ్ళూ పక్కపక్కన పెట్టాడు. నాలుగు హ్యాష్‌లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఒకే పాస్‌వర్డ్ అయినా సాల్ట్ (హ్యాష్ చేసేటప్పుడు కలిపే కొన్ని అక్షరాలు) వేరుగా ఉంటే హ్యాష్ వేరుగా రావాలి. ఇక్కడ సాల్ట్ కూడా ఒకటే. అంటే హ్యాష్‌ను ఇమేజ్‌లోనే రాసేసి, అందరికీ అదే పంపుతున్నారు. అదీ డాలర్ గుర్తు, 1, మళ్ళీ డాలర్‌తో మొదలయ్యే పాత ఎండీ5 రకం, తేలిగ్గా విరిగేది. మావాడు లాప్‌టాప్‌లో హ్యాష్ నుంచి పాస్‌వర్డ్ ఊహించి పట్టే హ్యాష్‌క్యాట్ పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దొరికింది: కంపెనీ పేరు, పక్కన 123. ఈ పాస్‌వర్డ్ ఇప్పుడు నాకు తెలుసు. వాళ్ళ దగ్గర కొన్న ప్రతివాడి పెట్టె నేను తెరవగలను, నా పెట్టెను వాళ్ళలో ఎవరైనా తెరవగలరు.

బ్రిటన్‌లో ఇళ్ళల్లో వాడే స్మార్ట్ పరికరాలకు ఇలా అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టవిరుద్ధం. మనం మన జాగ్రత్త మనమే పడాలి.

కొనేవాళ్ళు ఏం చేయాలంటే, ఆఖరి వాయిదా ఆపి ఉంచండి. బిగించడానికి వచ్చినవాణ్ణి మీ ఎదురుగానే రూట్ పేరుతో ఎస్ఎస్‌హెచ్ కొట్టి చూపించమనండి, ఖాళీగా ఎంటర్ నొక్కమనండి. టెల్‌నెట్ (పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపే పాత లాగిన్ దారి) తెరిచి ఉంటే అక్కడే వెనక్కి పంపేయండి. పాస్‌వర్డ్ మార్పించి, ప్లగ్ పీకి, పెట్టి, పాత పాస్‌వర్డ్ పనిచేస్తుందేమో చూడండి. ఈ ఒక్క పరీక్ష నేను మొదటిరోజే చేసి ఉంటే ఒక బ్యాచ్ పప్పు మిగిలేది. రెండు పెట్టెలు కొంటే రెండింటి పాస్‌వర్డ్ ఒకటేనా అని అడగండి. "సపోర్ట్ కోసం సార్" అంటే ఒకటే అని అర్థం. బాగా చేసేవాళ్ళు ప్రతి పెట్టెకూ వేరే పాస్‌వర్డ్ పెట్టి అడుగున స్టిక్కర్ అంటిస్తారు, మొదటిసారి లాగిన్ అవగానే మార్చమంటారు. ఇంకా తెలిసినవాళ్ళయితే రూట్‌కు పాస్‌వర్డ్ లాగినే మూసేసి, లెక్కలు చూసే ప్రోగ్రాంకు అధికారాలు లేని వేరే ఖాతా ఇస్తారు. ఈ మాటలు నోటితో కాదు, బిల్లు మీద రాయించుకోండి. రౌటర్లో డీఎంజెడ్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టనివ్వకండి.

ప్రస్తుతానికి రెండు పెట్టెలు కొరియర్లో వెనక్కి పంపాను. మిగతా రెండూ ఉన్నాయి, ఇంటర్నెట్ లేకుండా, యూనిట్ లోపల చూసుకోవడానికే. 14,000 బాకీ నా దగ్గరే ఉంది, కొత్త ఇమేజ్ వచ్చి ప్లగ్ పీకే పరీక్ష పాసయ్యేదాకా ఇవ్వను. రాత్రిళ్ళు గోడమీది పాత థర్మామీటరు చూసి రిజిస్టర్లో రాసే పని మళ్ళీ వాచ్‌మన్‌దే. తెల్ల ప్లాస్టిక్ పెట్టె, ముందు మూడు లైట్లు, పలకరింపులో పోకీ అని వస్తే అది నాదాని తోబుట్టువే. ఎలా చూడాలో తెలియకపోతే ఆదివారం మా యూనిట్‌కి పట్టుకురండి, మావాడు ఆ రోజు ఇక్కడే ఉంటాడు.