బోడోలాండ్ స్పైరల్ నోట్సు: కొనొచ్చు, కాకపోతే పెన్ను పక్కన పెట్టుకోండి

అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు (ఈశాన్యంలో కొన్ని గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన ఇచ్చేది) మీద తెలుగు మీడియం నోట్సు ఒకటి దొరుకుతోంది. గ్రూప్-1 మెయిన్స్ వాళ్ల కోసం వేసింది. సగానికి పైగా అస్సాంలోని బోడో గిరిజనుల ప్రాంతం బోడోలాండే.

బోడో నాయకులతో ప్రభుత్వం చేసుకున్న 1993 ఒప్పందం ఎందుకు బెడిసికొట్టిందో ఇంత తేటగా చెప్పిన తెలుగు నోట్సు అరుదు. ఆ ఫిబ్రవరి 20న సంతకాలయ్యాయి, స్వయంపాలక మండలీ వచ్చింది. కానీ ఏ ఊళ్లు లోపల, ఏవి బయట అన్నదే తేలలేదు. పైగా అది రాష్ట్ర చట్టంతో పుట్టిన మండలి, రాజ్యాంగం అండ లేదు. 2003 ఫిబ్రవరి 10న సాయుధ సంస్థ బోడో లిబరేషన్ టైగర్స్‌తో కుదిరిన ఒప్పందంతో ఆరో షెడ్యూలు కిందికి కొక్రాఝార్ కేంద్రంగా బోడోలాండ్ టెరిటోరియల్ కౌన్సిల్ వచ్చింది. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

తంటా అంతా సీట్ల పట్టికతోనే. 2020 జనవరి 27 ఒప్పందంలో ఈ కౌన్సిల్ సీట్లు 60 దాకా పెంచుతామన్నారు. నోట్సులో ఏకంగా ‘మొత్తం 60’ అని అచ్చేశారు! ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన షెడ్యూలు మారదు, పార్లమెంటు సవరించాలి. 2025 సెప్టెంబరు ఎన్నికలు కూడా 40 సీట్లకే జరిగాయి. షెడ్యూల్లో ఉన్న లెక్క 46: ఎన్నికయ్యేవి 40 (ఎస్టీలకు 30, గిరిజనేతరులకు 5, అందరికీ 5), గవర్నరు నామినేట్ చేసేవి 6, అందులో కనీసం ఇద్దరు మహిళలు. 60 కొట్టేసి ఇది రాసుకోండి.

గ్రామ న్యాయస్థానాల పేజీ అయితే మేఘాలయ అధ్యాయంలోంచి ఎత్తి అతికించినట్టుంది. ఆ న్యాయస్థానాల గురించి చెప్పే షెడ్యూలు నాలుగో పేరా బోడోలాండ్ కౌన్సిల్‌కు వర్తించదని ఆ పేరా చివర్లోనే ఉంది. ఆ పేజీ చింపేసినా నష్టం లేదు.

భూమి సంగతి మాత్రం ఓపిగ్గా రాశారు. షెడ్యూలు 3బి పేరా కౌన్సిల్‌కు 40 అంశాల మీద చట్టాలు చేసే అధికారం ఇస్తూనే, అప్పటికే పౌరులకున్న భూమి హక్కుల జోలికి పోకూడదని మెలిక పెట్టింది. చట్టం ఉమ్మడి జాబితా అంశం మీదైతే రాష్ట్రపతి దాకా వెళ్లాలి. బోడోయేతరుల భయాల మీద ప్రశ్న వస్తే జవాబుకు ఈ రెండు ముక్కలే ఆయువుపట్టు.

మన ఏజెన్సీతో పోలిక ఒక్క పేరా కూడా లేకపోవడం పెద్ద లోటు. ఉట్నూరు, భద్రాచలం ప్రాంతాలు ఐదో షెడ్యూలు కిందివి. అక్కడ ఐటీడీఏను (గిరిజనాభివృద్ధి సంస్థను) నడిపేది ప్రభుత్వం వేసిన అధికారి, ఎన్నికైన మండలి కాదు. గిరిజన సలహా మండలి ఉన్నా దానికి చట్టాలు చేసే అధికారం లేదు. తెలంగాణ అభ్యర్థికి ముందు కావాల్సింది ఇదే.

మ్యాపు పాతది, నాలుగు జిల్లాలే ఉన్నాయి. 2022లో వచ్చిన తముల్‌పూర్‌ను చేర్చుకోండి. స్పైరల్ రంధ్రాలు ఎడమ అంచున అక్షరాలు మింగేస్తున్నాయి, కాబట్టి బైండింగ్‌కు ముందే మార్జిన్ వదలమని షాపులో చెప్పండి.