ఆయిల్ తక్కువ తాగే రంపం

నాలుగేళ్లుగా ఒకే పెట్రోలు చైన్ సా వాడుతున్నాను. 58 సీసీ ఇంజను, చైను చుట్టూ తిరిగే 18 అంగుళాల బార్. గట్ల మీద పెరిగిన తుమ్మలు తీయడం, గాలికి కూలిన నీలగిరి మానులను దుంగలుగా కోయడం, తోటలో ఎండిన కొమ్మలు దించడం దాని పని. బరువు, శక్తి, ట్యాంకు కొలత వంటివి అమ్మేవారెవరైనా చెబుతారు కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది, కొనేనాడు ఒక్క ప్రశ్న కూడా అడగని భాగం గురించి: నడుస్తున్న చైనుకు దానంతట అదే ఆయిల్ అందించే చిన్న పంపు గురించి.

మొదటి రెండేళ్లు ఆ పంపు అక్కడ ఉందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. మూడో ఏడాది మొదట్లో మాత్రం ఒక విషయం గమనించి సంతోషించాను. ట్యాంకు పెట్రోలు అయిపోయి మళ్లీ నింపుతున్నప్పుడు చూస్తే ఆయిల్ ట్యాంకు ఇంకా సగానికి పైగా నిండి ఉండేది. నా రంపం ఆయిల్ తక్కువ తాగుతుందని ఇద్దరికి గొప్పగా చెప్పి, వారి చేత అదే మోడల్ కొనిపించాను కూడా. ఒక ట్యాంకు పెట్రోలు ఖర్చయ్యేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు అడుగంటాలనీ, పెట్రోలు ముందుగా అయిపోయి ఇంజను ఆగితే చైను పొడిగా తిరగకుండా ఉంటుందన్న లెక్కతోనే రెండు ట్యాంకులనూ అలా కుదురుస్తారనీ అప్పటికి నాకు తెలియదు. నేను పొదుపు అనుకున్నది జబ్బు లక్షణం.

మిగతా లక్షణాలు కూడా ఒక్కొక్కటిగా కనిపించాయి గానీ, అన్నింటికీ వేరే కారణాలు వెతుక్కున్నాను. చెక్కపేళ్లు పడాల్సిన చోట సన్నని పొట్టు రాలుతుంటే పదును పోయిందనుకుని 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో, 30 డిగ్రీల కోణంలో, ప్రతి పన్నునూ ఓపికగా పట్టాను. పదును పెట్టిన అరగంటకే మళ్లీ పొగ వచ్చేది. చైను పదే పదే వదులవుతుంటే వేడిగా ఉండగానే బిగించేవాణ్ణి. వేడికి సాగిన చైను చల్లారాక కుంచించుకుపోయి, మర్నాడు పొద్దున చేత్తో లాగితే కదలనంత గట్టిగా బార్‌ను పట్టుకుని ఉండేది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, చివరకు చైనే నాసిరకమని తేల్చి కొత్తది వేశాను.

ఆ కొత్త చైను వేసిన వారానికే దారికి అడ్డంగా ఒక పెద్ద నీలగిరి కూలింది. మాను బార్ పొడవు కంటే లావుగా ఉండడంతో రెండు వైపుల నుంచీ కోయవలసి వచ్చింది. మూడో కోత సగంలో ఉండగా కాలిన వాసన వచ్చింది, చైను ఆగిపోయింది, ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. ఎలాగో రంపాన్ని బయటికి తీసి చూస్తే బార్ అంచులు నీలం రంగు తిరిగి ఉన్నాయి. బార్ కొసన తిరగాల్సిన చిన్న పళ్లచక్రం వేడికి పట్టేసింది. దగ్గర్లో ఇంకో రంపం లేక, మిగిలిన కోతను చేతిరంపంతో ముగించేసరికి చీకటి పడింది.

మర్నాటి నుంచి అసలు వెతుకులాట మొదలైంది. ముందు బార్ గాడిలో గట్టిపడిన పొట్టును గీకి, ఆయిల్ దూరే రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేశాను. ట్యాంకు లోపలి ఫిల్టరు కడిగాను. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినా ఆయిల్ దిగదు కాబట్టి దాన్నీ చూశాను. బండిలోంచి తీసిన పాత ఇంజను ఆయిల్‌నే కొన్నాళ్లుగా పోస్తున్న సంగతి ఇక్కడ ఒప్పుకోక తప్పదు. అందులోని లోహపు రజను పంపుకు చేటు, తుంపర్లుగా మీద పడితే చర్మానికీ మంచిది కాదు. దాన్ని పారబోసి, చైన్ల కోసమే చేసిన జిగురు ఆయిల్ పోశాను. ఆయిల్ మోతాదు మార్చే మరను పూర్తిగా పైకి తిప్పాను. తర్వాత బార్ కొసను అప్పుడే కోసిన మొద్దు తెల్లటి ముఖానికి జానెడు దూరంలో ఉంచి యాక్సిలరేటర్ నొక్కాను. ఆయిల్ అందుతుంటే కొద్ది క్షణాల్లో ఆ తెలుపు మీద సన్నని చార పడాలి. చుక్క కూడా పడలేదు. ఎంతో సులువైన ఈ పరీక్షను మూడేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదన్న సిగ్గు నాకిప్పటికీ ఉంది.

ఇక మిగిలింది, ఇంజను తిరుగుడును చైనుకు అందించే క్లచ్ వెనకాల చూడడమే. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి మెత్తని తాడు దోపితే పిస్టన్ ఆగి ఇంజను తిరగకుండా ఉంటుంది. అప్పుడు క్లచ్ విప్పవచ్చు. ఆ మర ఎడమ చుట్టుది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. అది తెలియక నేను మొదట పావుగంట సేపు దాన్ని ఇంకా బిగించాను. క్లచ్, దాని వెనక చైనును తిప్పే డ్రమ్ము, సూది బేరింగు వచ్చాక పంపును తిప్పే వార్మ్ గేరు కనబడింది. అది ప్లాస్టిక్‌ది. దాని పళ్లు కరిగిన కొవ్వొత్తిలా జారిపోయి ఉన్నాయి. డ్రమ్ముతో పాటు గేరు తిరుగుతోంది గానీ పంపును ఒకసారి పట్టుకుని నాలుగుసార్లు వదిలేస్తోంది. నెలల తరబడి నేను మెచ్చుకున్న పొదుపు అదే.

నా కోపమంతా ఇక్కడే. క్లచ్ డ్రమ్ము ఈ యంత్రంలో బాగా వేడెక్కే చోట్లలో ఒకటి. దానికి ఆనుకుని ఉండే, చైను ప్రాణం మొత్తం ఆధారపడిన గేరును ప్లాస్టిక్‌తో చేయడం ఎవరి ఆలోచనో నాకు అర్థం కాదు. పోయినది బొటనవేలంత వస్తువు. దాని వెంట ఒక బార్, రెండు చైన్లు పోయాయి.

అయితే తప్పంతా తయారీదారుదే అనడానికి లేదు. చెట్లు కోయడమే వృత్తిగా ఉన్న ఒకాయనకు ఆ గేరు చూపిస్తే, “మీరు బ్రేకు వేసే ఇంజను వేడెక్కిస్తారా?” అని అడిగారు. నిజమే. చైను బ్రేకు వేసి స్టార్టు చేయాలన్న జాగ్రత్తను నేను తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి, కానీ స్టార్టయ్యాక ఒక నిమిషం పాటు ఆ వేగం మీదే వదిలేసేవాణ్ణి. స్టార్టు చేసేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెం తెరిచి ఉంటుంది. ఆ వేగానికి క్లచ్ పట్టుకోబోతుంది, బ్రేకు డ్రమ్మును తిరగనివ్వదు, రెంటి రాపిడికి పుట్టిన వేడి నేరుగా గేరును చేరుతుంది. ఇంజను అందుకోగానే యాక్సిలరేటర్ ఒకసారి నొక్కి వదిలి వేగం తగ్గించి, ఆ తర్వాత బ్రేకు తీయాలి. తర్వాత వెతికితే ఈ సంగతి రంపంతో పాటు వచ్చిన పుస్తకంలోనే, చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యంగా దొరికింది.

లోహపు గేరు వేసి పదిహేను నెలలైంది. ఇప్పుడు పెట్రోలుతో పాటే ఆయిల్ కూడా ఖర్చవుతోంది, మొద్దు మీద చార స్పష్టంగా పడుతోంది, అదే పదును దాదాపు రెండింతల సేపు నిలుస్తోంది. మొదట్లో నేను మెచ్చుకున్న మరి రెండు విషయాలను కూడా కాస్త సవరించుకోవాలి. రెండు లాగులకే స్టార్టవుతుందన్నది వారం వారం వాడుతున్నంత కాలమే నిజం. ట్యాంకులో పెట్రోలు ఉంచి రెండు నెలలు పక్కన పెడితే చేతులు పడిపోయేదాకా లాగాలి. కనుక ఇప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలినది కూడా అయిపోయేదాకా నడిపి దాచిపెడుతున్నాను. పిడికి అదురు తెలియకుండా పెట్టిన రబ్బర్లు మొదటి ఏడాది హాయిగా ఉండేవి. ఇప్పుడు గట్టిపడడంతో అరగంటకే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. వాటిని మార్చాలి.

మళ్లీ ఇదే కొంటానా అంటే, నా మటుకు నేను కొంటాననే చెబుతాను, లోహపు గేరు మొదటిరోజే వేయించుకుంటే. నాకు నెలకు నాలుగైదు రోజులకు మించి పని ఉండదు, విప్పి చూసే తీరిక ఉంది, విడిభాగాలు తేలికగా దొరుకుతున్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్లు కోసేవారికి దీన్ని సిఫారసు చేసే ధైర్యం మాత్రం నాకు లేదు. ఎవరు ఏది ఎంచుకున్నా, గేరు లోహమా ప్లాస్టికా, ఆయిల్ మోతాదు మార్చే మర ఉందా, ఆయిల్ మట్టం మూత తీయకుండానే కనబడుతుందా అన్నవి ఇంజను సామర్థ్యం కంటే ముందే అడగమని చెబుతాను.

నా మాట విని ఇదే మోడల్ కొన్న ఇద్దరిలో ఒకాయన మొన్న ఫోన్ చేసి, మీరన్నట్టే ఆయిల్ చాలా ఆదా అవుతోందండీ అని ధన్యవాదాలు చెప్పారు. రేపు పొద్దున ఒక లోహపు గేరు, తాడుముక్క పట్టుకుని ఆయన దగ్గరికి వెళుతున్నాను.