జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ బై పాన్’: ఆటోనగర్ కొనుగోళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో కొనుగోళ్ల లెక్కలు చూసేవాళ్లకి ‘సెర్చ్ టాక్స్‌పేయర్’ కొత్త కాదు. బిల్లు మీదున్న అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు కొడతాం, ‘యాక్టివ్’ అని రాగానే మూసేస్తాం. నాకు మాత్రం ఆ పక్కనున్న ‘సెర్చ్ బై పాన్’ అంటేనే ఇష్టం.

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి, మనకి 37, తెలంగాణకి 36. మూడో అక్షరం నుంచి పన్నెండో దాకా ఉన్నది పార్టీ పాన్. ఆ పదీ కాపీ చేసి పాన్ గడిలో వేస్తే, లాగిన్ లేకుండానే, ఆ పాన్ మీద ఏయే రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉందో, ఏది నడుస్తోందో, ఏది రద్దయిందో వరసగా వస్తుంది. కొత్త సప్లయర్ ఇచ్చిన 37 నంబరు యాక్టివ్‌గానే ఉంటుంది. అదే పాన్ మీద పక్క రాష్ట్రంలో ‘క్యాన్సిల్డ్ సువో మోటో’ అని కనపడితే, దాన్ని అధికారులే రద్దు చేశారని అర్థం. అడ్వాన్సు పంపేముందు కారణం అడిగి తీరాలి. ఒక్క నంబరే కొట్టి చూస్తే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

‘యాక్టివ్’ అనే మాటని మరీ నమ్మకూడదు. కింద రిటర్నుల పట్టిక తెరిచి, జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్ను)తో పాటు 3బి (పన్ను కట్టే రిటర్ను) కూడా పడుతోందా చూడాలి. మొదటిది వేసి రెండోది ఆపేసిన పార్టీ మన దగ్గర తీసుకున్న పన్ను కట్టనట్టే, మన క్రెడిట్‌కి, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నుని మన పన్నులో తగ్గించుకునే వీలుకి, ముప్పు అక్కడే. అయితే 5 కోట్ల లోపు టర్నోవరువాళ్లు 3బి మూడు నెలలకోసారి వేసుకోవచ్చు, మధ్య నెలలు ఖాళీగా ఉన్నాయని కంగారు పడొద్దు. పట్టికలో తేదీలే ఉంటాయి, ఎంత కట్టారన్నది ఉండదు.

ఈ గడుల్లో పేరుతో వెతకడం కుదరదు, అదే పెద్ద లోటు. యజమానుల వివరాలు కావాలంటే పాన్ నాలుగో అక్షరం చూడండి. ‘సి’ అయితే కంపెనీ, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌కి వెళ్లాలి. ‘పి’ అయితే సొంత వ్యాపారం, అక్కడ వెతికి లాభం లేదు.

మాకు తరచూ కొత్త పార్టీలు తగులుతుంటాయి కాబట్టి ఇది లేకుండా గడవదు. ఏళ్లుగా ఒకే డీలరు దగ్గర కొనేవాళ్లకి నెలకోసారి రిటర్నుల పట్టిక చూసుకున్నా సరిపోతుందేమో.