బార్బడోస్ తీరంలో నీడ కోసం

ఆగస్టు చివరి వారంలో కరీబియన్ ద్వీపమైన బార్బడోస్‌కు వెళ్లడానికి మాకు రెండే కారణాలు: పిల్లవాడి సెలవులు, ఆ నెలలో తగ్గే బస ధరలు. జూన్ నుంచి నవంబరు వరకు అక్కడ వానాకాలం కావడంతో రద్దీ తక్కువగా ఉంటుందని, వాన వచ్చినా అరగంటలో వెలుస్తుందని చదివాం, రెండూ నిజమే అయ్యాయి. అయితే 13 డిగ్రీల అక్షాంశం మీద ఆ రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడన్న సంగతి మాకు తట్టలేదు. ఏ సముద్ర తీరానికి వెళ్లినా మేము మొదట వెతికినది నీళ్లను కాదు, నీడను. అందుకే ఈ వారం రోజుల అనుభవంలో తీరాలను, బసలను బేరీజు వేయడానికి మాకు దొరికిన కొలబద్ద చెట్లే, అందులోనూ ముఖ్యంగా మాంచినీల్ అనే ఒక్క చెట్టు.

ఆ పేరు స్పానిష్ భాషలో ‘చిన్న ఆపిల్’ అనే మాట నుంచి వచ్చింది. కాయలు కూడా అచ్చం అలాగే, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, గోలీకాయ కంటే కొంచెం పెద్దవిగా, తియ్యని వాసనతో ఇసుక మీద రాలి ఉంటాయి. ఆముదం, రబ్బరు, కర్రపెండలం, జెముడు మొక్కల కుటుంబమే దానిదీ. ఆకు తుంచినా, కొమ్మ విరిచినా తెల్లని పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి, కంట్లో పడితే కొంతకాలం చూపు దెబ్బతినవచ్చు, కట్టెలు కాలిస్తే ఆ పొగ కూడా కళ్లను మండిస్తుంది. అన్నింటికంటే ఆశ్చర్యమనిపించినది, వానలో ఆ చెట్టు కింద నిలబడితే ఆకుల మీదుగా జారే చినుకులే చర్మాన్ని కాల్చగలవన్నది. ఫ్లోరిడా దక్షిణపు కొస నుంచి కరీబియన్ ద్వీపాలన్నింటి మీదుగా దక్షిణ అమెరికా ఉత్తర తీరం వరకు సహజంగా పెరిగే ఈ చెట్టును చాలాచోట్ల నరకకుండానే ఉంచారు. దాని వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, గుబురు గాలిని ఆపుతుంది. పాలు ఎండిపోయేదాకా కలపను ఎండలో ఆరబెట్టి ఒకప్పుడు సామాన్లు కూడా చేసేవారు.

మొదటి మూడు రాత్రులు దక్షిణ తీరంలో, అక్రా బీచ్ అని కూడా పిలిచే రాక్లీ బీచ్‌కు నడక దూరంలో ఉన్న చిన్న అపార్ట్‌మెంటులో ఉన్నాం. గదులు పాతవి, స్నానాల గదిలో నీటి ధార సన్నం, ఏసీ చప్పుడు రాత్రంతా వినిపించేది. అయినా ఆ ఇంటావిడ తాళం చేతికిస్తూనే మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లి, ఫోనులో ఒక ఆకు ఫోటో చూపించి, అంచున సన్నని రంపపు పళ్లు, నడుమ పసుపు ఈనె, ఆకు తొడిమను కలిసే చోట చిన్న చుక్కలాంటి గ్రంథి, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆ చెట్టుకు దూరంగా ఉండమని చెప్పింది. ఐదు నిమిషాల మాట. మేము చెల్లించిన మొత్తంలో అత్యంత విలువైన సేవ అదేనని నాలుగు రోజుల తర్వాత గాని తెలియలేదు.

రాక్లీలో ఇసుక వెడల్పుగా ఉంటుంది, అలలు కాస్త ఎగిసిపడినా పిల్లలు ఆడుకోదగ్గవే, కాపలాదారులు ఉంటారు, కుర్చీలు, గొడుగులు అద్దెకు దొరుకుతాయి. రోడ్డు పక్కన ఒక పెద్ద చెట్టు కింద కూర్చున్నాక పైకి చూస్తే అది మనకు బాగా తెలిసిన బాదం చెట్టు! పలకలు పలకలుగా పరుచుకున్న కొమ్మలు, రాలే ముందు ఎర్రబడిన ఆకులు, కింద నార తేలిన కాయలు. ఆసియా తీరాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన చెట్టు అది. మా అబ్బాయి రాయితో ఒక కాయ పగలగొట్టి, లోపలి సన్నని పప్పు తిని, ఇంకో నాలుగు ఏరుకొచ్చాడు. నేను వద్దనలేదు. కింద పడిన కాయను తీసుకుని నోట్లో వేసుకోవడం ఎంత సహజమైన పనో అప్పుడు గమనించాను, తర్వాత దాన్ని తలచుకుని భయపడ్డాను కూడా.

నాలుగో రోజు పడమటి తీరంలోని హోల్‌టౌన్ వైపు మారాం. సముద్రం అక్కడ చెరువులా నిశ్చలంగా ఉంటుంది, తాబేళ్లను చూడటానికి పేన్స్ బే దగ్గర పడవలు దొరుకుతాయి, సాయంత్రం సూర్యాస్తమయం కళ్ల ఎదుటే. హోటళ్లు ఖరీదైనవి. మేము ఎంచుకున్నది మధ్యరకం హోటలే అయినా దక్షిణ తీరపు అద్దెకు రెండింతల కంటే ఎక్కువే పడింది. గది శుభ్రంగా, అల్పాహారం ధారాళంగా ఉన్నాయి. తూర్పున లేచే సూర్యుడికి అడ్డంగా చెట్లు ఉండటం వల్ల ఉదయమంతా ఇసుక మీద నీడ పడుతుంది. హోటలు వాళ్లు ఆ నీడలోనే పడక కుర్చీలు వేశారు. పక్కనే ఒక చెట్టు మొదలు చుట్టూ ఎర్రరంగు పట్టీ వేసి ఉంది, దానికి కొట్టిన హెచ్చరిక పలక కాస్తా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల వెనక మరుగున పడిపోయింది. చేరినప్పుడు మాకు చేతికట్టు కట్టారు, పళ్లరసం ఇచ్చారు, వైఫై రహస్యపదం చెప్పారు, చెట్టు గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

ఆ హోటల్లో రెండో రోజు ఉదయం పది గంటలకు ఉన్నట్టుండి వాన మొదలైంది. అందరూ చేసే పనే మేమూ చేశాం: తువ్వాళ్లు చుట్టుకుని దగ్గరలోని గుబురు కిందికి పరుగెత్తాం. ఇసుక మీద పూసల దండలు అమ్ముకునే పెద్దాయన ఒకరు వానలో తడుస్తూనే చేతులూపుతూ “అక్కడ నిలబడకండి, ఆ నీళ్లు కాలుస్తాయి” అని అరిచాడు. తలెత్తి చూస్తే రంపపు అంచులు, పసుపు ఈనె, తొడిమ దగ్గర చుక్క. ఇంటావిడ చూపించిన ఫోటో నా తలపైనే వేలాడుతోంది. నిమిషంలోపే బయటపడి, గదికి వెళ్లి సబ్బుతో ఒళ్లు కడుక్కున్నాం. అయినా నా భార్య ఎడమ భుజం మీద సాయంత్రానికి నాలుగు వేళ్ల వెడల్పున ఎర్రని దద్దు లేచి, రాత్రంతా మంట పెట్టింది. రిసెప్షన్‌లో చెబితే ఎండ దెబ్బ అయి ఉంటుందన్నారు. మర్నాడు మందుల దుకాణంలో చూసినావిడ మాత్రం ఏ చెట్టు కింద నిలబడ్డారని అడిగాకే మందు ఇచ్చింది. రెండు రోజుల్లో తగ్గింది. 2000వ సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వైద్యురాలు తన అనుభవం రాసింది: టొబాగో ద్వీపపు తీరంలో ఆమె, ఆమె స్నేహితురాలు ఇసుక మీద దొరికిన ఈ కాయను కొరికారట. మొదట తియ్యగా ఉందని, తర్వాత మిరియపు ఘాటుగా మారి, గొంతు బిగుసుకుపోయి, కొన్ని గంటలపాటు మింగడమే కష్టమైందని రాసింది. దానితో పోలిస్తే మాది చిన్న విషయమే. కానీ హోటలు మీద నా ఫిర్యాదు చిన్నది కాదు. చెట్టును నరకమని అనను, కుర్చీలను నాలుగడుగులు జరపడానికి, పలకను కనబడేలా పెట్టడానికి ఖర్చేమీ కాదు కదా.

పడమటి తీరానికి న్యాయం చేయాలంటే ఇంకో మాట చెప్పాలి. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే. హోటళ్ల మధ్యనున్న సన్నని దారుల గుండా ఎవరైనా నీళ్ల దాకా వెళ్లవచ్చు. దక్షిణాన చవకగా బస చేసి, బస్సులో వెళ్లి అక్కడ ఈదుకుని రావచ్చన్నమాట. పసుపు చారల నీలం ప్రభుత్వ బస్సులు, నీలం చారల పసుపు మినీబస్సులు, జెడ్‌ఆర్ అని పిలిచే తెల్లని ప్రైవేటు వ్యాన్లు, అన్నింటిలోనూ మేము కట్టినది తలకు మూడున్నర బార్బడోస్ డాలర్లే. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుతో సమానం కనుక లెక్క సులువు. ప్రభుత్వ బస్సులో సరిపడా చిల్లర ఉండాలి. వ్యాన్లలో పాటల హోరు, ఇరుకు, వేగం, ఈ మూడింటికీ సిద్ధపడాలి.

చివరి పూట తూర్పున అట్లాంటిక్ వైపు ఉన్న బాత్‌షీబాకు వెళ్లాం. అక్కడి అలలు ఈత రానివారికే కాదు, వచ్చినవారికీ ప్రమాదమే. పుట్టగొడుగుల్లా నిలబడ్డ బండల మధ్య ఏర్పడే లోతులేని నీటి మడుగుల్లో కూర్చోవడం ఒక్కటే మాకు తగిన పని. ఒడ్డున కొట్టుకొచ్చిన సర్గాసమ్ నాచు కుళ్లిన వాసన కొన్నిచోట్ల ముక్కు మూయించింది. తినడానికి శాకాహారులకు మకరోనీని చీజ్‌తో కలిపి కాల్చిన ‘మకరోనీ పై’, సీమపనస ముక్కల వేపుడు దొరికాయి, అంతకంటే ఆశించలేదు.

అక్కడి ఇసుక దిబ్బ మీద దొరికింది మా అసలు పండు, సముద్ర ద్రాక్ష. ఇది వేరే చెట్టు, మాంచినీల్ పక్కనే పెరిగినా పొరబడే అవకాశం లేదు. ఆకులు విస్తరాకు ముక్కల్లా గుండ్రంగా, దళసరిగా, ఎర్రని ఈనెలతో ఉంటాయి, అంచున పళ్లుండవు. పళ్లు ద్రాక్ష గుత్తుల్లానే వేలాడతాయి కానీ గుత్తి మొత్తం ఒకేసారి పండదు. ఒకే కాడ మీద పైన ఆకుపచ్చ, నడుమ గులాబీ, అక్కడక్కడ ముదురు ఊదా. పండినదాన్ని మాత్రమే వేలితో తడితే చేతిలోకి రాలుతుంది. తొక్క పలుచన, గుజ్జు అంతకంటే పలుచన, మిగతాదంతా గింజే. పులుపు కలిసిన తీపి, వెనక కాస్త ఉప్పదనం. మగ, ఆడ చెట్లు వేరు కాబట్టి కొన్ని చెట్ల కింద ఎంత వెతికినా ఒక్క కాయా దొరకదు. మా అబ్బాయి ఒక్కో పండూ నోట్లో పెట్టుకునే ముందు ఆకును తిప్పి అంచు తడిమి చూసేవాడు.

మళ్లీ వెళితే దక్షిణ తీరంలో ఐదు రాత్రులు, బాత్‌షీబాలో ఒక రాత్రి ఉంటాం. పడమటి తీరానికి బస్సులో వెళ్లి పొద్దుగూకేలోపు తిరిగి వస్తాం, గొడుగు మాత్రం సొంతది పట్టుకెళ్తాం.