9.9 హార్స్‌పవర్ మోటారుతో ఆరేళ్లు: ధారను నమ్మి చెడ్డాను

భైరవపాలెం మొగ (గోదావరి సముద్రంలో కలిసే చోటు) నుంచి కోరంగి మడ కాలువల దాకా ఆరేళ్లుగా నా బోటు వెనక బిగించి తిప్పుతున్న టూ స్ట్రోక్ మోటారు ఇది. కంపెనీ పేరు చెప్పను. వేడెక్కడంలో నేను పడ్డ పాట్లలో సగం దాని తప్పు కాదు, గోదావరిదీ నాదీ.

బలానికి వంక పెట్టలేను. నలుగురం, వలలు, ఐసు పెట్టెలు ఉన్నా పాటుకు ఎదురెక్కేస్తుంది. పెట్రోలు తాగుతుంది, అది అందరికీ తెలిసిందే.

దీనికి రేడియేటర్ ఉండదు. అడుగున పంపులో ఉన్న రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) ఏటి నీళ్లనే తోడి, ఇంజను చుట్టూ తిప్పి బయటికి వదులుతుంది. అందులో కొంచెం పక్కనున్న బెజ్జంలోంచి ధారగా పడుతుంది, పంపు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. అంటే ఏట్లో ఏముంటే అదే ఇంజన్లోకి పోతుంది. పులసల రోజుల్లో ఎర్రనీటి ఒండ్రు, ధవళేశ్వరం గేట్లు దించాక ఎండాకాలమంతా ఉప్పు. ఒండ్రు రబ్బరును గరుకు కాగితంలా అరగదీస్తుంది. అందుకే వరద తగ్గగానే ఏటా ఇంపెల్లర్ మార్చేస్తాను.

రెండో ఏడు మొగ దగ్గర ఇసుక మేట ఎక్కాం. ఇంజను ఆపకుండానే బోటు నెట్టాం. నీళ్లందక ఉత్తినే తిరిగిన ఆ కాసేపట్లోనే ఇంపెల్లర్ రెక్కలు తెగిపోయాయి. ఒక మెకానిక్ కొత్తది వేశాడు. పక్కనుంచి ధార బ్రహ్మాండంగా వచ్చింది, డబ్బులిచ్చేశాను. అరగంట పోయాక మోటారు లాగడం మానేసింది. మూత తీస్తే పెయింటు మాడిన వాసన. హెడ్డు మీద చిలకరించిన నీళ్లు చుయ్యిమన్నాయి. విప్పితే తేలిందేమిటంటే, తెగిన రెక్క ముక్కలు పైకి పోయి నీటి దారిలో ఇరుక్కున్నాయి. అప్పట్నుంచి పాత ఇంపెల్లర్ తీయగానే ముక్కలన్నీ పేర్చి చూసుకుంటాను. ఒక్కటి తగ్గినా వెతకాల్సిందే.

ధార సన్నబడితే మాత్రం ముందే పంపు విప్పేయకండి. చాలాసార్లు ధార వచ్చే బెజ్జంలోనే ఉప్పో బురదో ఉంటుంది, మందపాటి తంగూసు ముక్క దూరిస్తే సరి. గుర్రపు డెక్క, ప్లాస్టిక్ కవర్లు కింద నీళ్లు పీల్చే జల్లెడకు అతుక్కున్నాయేమో కూడా చూడండి, ఇంజను ఆపాకే.

నాలుగో ఏడు వేసవిలో ధార బాగానే ఉన్నా వేడి తగ్గలేదు. ఈసారి థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే కవాటం. నా మోటారులో ధార దానికంటే ముందే చీలిపోతుంది కాబట్టి అది మూసుకుపోయినా బయటికి తెలీదు. ఉప్పు పేరుకుని బిగుసుకుంది. వంటింట్లో గిన్నెలో వేసి మరగబెట్టాను, తెరుచుకోలేదు. మా ఆవిడ ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడలేదు.

తిరిగొచ్చాక మంచినీళ్ల డ్రమ్ములో, న్యూట్రల్‌లో పది నిమిషాలు నడిపితే ఉప్పు పోతుందంటారు. మా ఇంట్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి! రెండేళ్లు వాటితోనే కడిగాను, తెలివితక్కువగా. ఇప్పుడు చెరువు నీళ్లు బిందెలతో మోసి పోస్తున్నాను.

మళ్లీ కొంటే ఇంత బలమున్నదే కొంటాను గానీ, వేడెక్కితే అలారం మోగేది చూసుకుంటాను. దీనికి అది లేదు. బోటులో టిఫిను డబ్బాలో ఒక ఇంపెల్లరూ, దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న ఇనుప బిళ్లలు రెండూ పెట్టుకుంటాను. మొన్న ఒక బిళ్ల ఏట్లో పడింది.